ఎండుటాకులు 40 రోజుల్లో ఎరువు అవ్వాలంటే, మా పెరట్లో చేసే పద్ధతి

మా ఇల్లు రాజమండ్రిలో. స్థలం పెద్దదేం కాదు గానీ చెట్లు మాత్రం ఇంటిని మించి పెరిగాయి, పెరట్లో రెండు మామిడి, ఒక సపోటా, గేటు పక్కన బాదం, ప్రహరీ అవతల వీధిలో కానుగ. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి బాదం ఎర్రబడి రాలడం మొదలు, అది తగ్గేసరికి కానుగ అందుకుంటుంది, ఉగాది దాటేదాకా ఇదే వరస, పొద్దున్నే ఊడ్చి ముగ్గేసి కాఫీ తాగి వచ్చేసరికి ముగ్గు కనపడదు.

ఇదివరకు అందరిలాగే మేమూ కుప్ప చేసి అగ్గిపుల్ల గీసేవాళ్ళం. పొగకి పక్కింటి పిల్లాడు దగ్గుతున్నాడని వాళ్ళమ్మ వచ్చి చెప్పాక సిగ్గేసి మానేశాం. చెత్త బయట తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 జరిమానా అని గ్రీన్ ట్రిబ్యునల్ 2016 లోనే ఆర్డర్ ఇచ్చిందన్న సంగతి మాకు చాలా తర్వాత తెలిసింది లెండి.

సరే తగలబెట్టకుండా ఎరువు చేద్దామని పెరటి మూల 3 అడుగుల లోతు గొయ్యి తీయించి ఏడాదంతా రాలినవన్నీ అందులోనే పోశాం, గుర్తొచ్చినప్పుడు రెండు బకెట్ల నీళ్ళు, ఎవరో చెబితే త్వరగా కుళ్ళడానికని ఆన్‌లైన్లో ఏదో పొడి ప్యాకెట్ కూడా కొని చల్లాం. మళ్ళీ ఏడాది తవ్వితే పైన సగం ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి, కింద ఉన్నవి ఒకదానికొకటి అట్టలాగా అతుక్కుపోయి ఉన్నాయి, బాదం ఆకు ఒకటి తీసి చూస్తే ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు! అప్పుడు మా అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని ఒక్క మాటన్నారు, "ఆకుని ఆకులాగే పడేస్తే ఎప్పటికి కుళ్తాదమ్మా, పులుసు పోసినా కిందకి దిగదనేగా బాదం ఆకుతో విస్తరి కుట్టుకునేది" అని. మొత్తం విషయం ఆ మాటలోనే ఉంది. పులుసు దిగని ఆకులోకి సూక్ష్మజీవి మాత్రం ఎట్లా దిగుతుంది.

మామిడి, బాదం, సపోటా, పనస, వీటన్నిటి మీదా మైనం లాంటి పొర ఉంటుంది, నీళ్ళు పోస్తే జారిపోతాయి. కుళ్ళబెట్టే బాక్టీరియా, బూజు ఆకులోకి వెళ్ళేది ఎక్కువగా తెగిన అంచుల్లోంచే. ఒక ఆకుని పది ముక్కలు చేస్తే అంచులు ఎన్ని పెరుగుతాయో చూడండి, పది వాకిళ్ళు తీసినట్టే. ఇంకోటి, పెద్ద ఆకులు తడిస్తే పళ్ళాలు పేర్చినట్టు అతుక్కుని మధ్యలో గాలి ఆడదు, ముక్కలైతే అడ్డదిడ్డంగా పడి సందులుంటాయి. అందుకే త్వరగా ఎరువు కావాలంటే డబ్బులు పొడుల మీద కాదు, ముందు నలగ్గొట్టడం మీద పెట్టండి అంటాను నేను. ఆ పొడులు పనికిరావని కాదు, దాని సంగతి తర్వాత చెప్తా.

ఎలా నలగ్గొట్టాలి అంటే నాలుగైదు దార్లున్నాయి. అన్నిటికన్నా చవక దారి గోనె సంచి. మార్చి, ఏప్రిల్లో మధ్యాహ్నం 2 గంటలకి ఆకులు అప్పడాల్లా ఉంటాయి, అప్పుడే సంచిలో సగానికి నింపి మూతి కట్టి చెప్పులేసుకుని తొక్కేయడమే, లేదా దుడ్డుకర్రతో బాదడమే. పిల్లలకి సెలవులైతే ఇంకా మంచిది, మా వాళ్ళు సంచికి 5 రూపాయలు అడుగుతున్నారు ఇప్పుడు, మొదట్లో ఊరికే తొక్కేవాళ్ళు. పొద్దున్న మంచుకి మెత్తబడి ఉన్నప్పుడు ఇది చేస్తే ఆకు నలగదు, మీ కాళ్ళే నొప్పెడతాయి. కారు ఉన్నవాళ్ళు సంచుల్ని గేటు దగ్గర పరిచి కారు నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పినా అయిపోతుంది, మా ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది, నవ్వాం గానీ బాగానే పనిచేసింది.

గడ్డి కోసే ట్రిమ్మర్, అదే నైలాన్ దారం తిరిగేది, ఉంటే 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో మూడోవంతు ఆకులు వేసి అందులో ట్రిమ్మర్ తల దించి తిప్పండి, మిక్సీలో పచ్చడి తిప్పినట్టు రెండు నిమిషాల్లో ముక్కలైపోతాయి. కళ్ళద్దాలు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి, దుమ్ము మామూలుగా లేవదు. లాన్ మూవర్ ఉన్న అదృష్టవంతులు ఆకుల్ని నేల మీద 2, 3 అంగుళాల మందాన పరిచి దాని మీదుగా రెండుసార్లు నడిపితే చాలు, సంచి ఉన్న మూవర్ అయితే ఎత్తుకునే పని కూడా ఉండదు, కాకపోతే ముందు రాళ్ళు, కొబ్బరి చిప్పలు ఏరేయండి. మాకు ఒకసారి గులకరాయి తగిలి టప్‌మని వెళ్ళి వంటింటి కిటికీ అద్దం పగిలింది.

కొమ్మలు, మునగ రెమ్మలు, కోసేసిన బెండ మొక్కలు, అరటి ఆకుల కాడలు వీటికి పశువుల మేత కోసే చాఫ్ కట్టర్ బాగుంటుంది. పాడి ఉన్నవాళ్ళ దగ్గర ఉంటుంది, చేత్తో చక్రం తిప్పేది ఉంది, మోటారుది ఉంది. ఉత్తి ఎండుటాకులు దానికి అందవు, గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా తోయాల్సొస్తుంది, తోస్తే వేళ్ళు పోతాయి, కాబట్టి దాన్ని పచ్చి కాడలకీ సన్నకొమ్మలకే వాడండి. బొటనవేలి కన్నా లావుగా ఉన్న కొమ్మలు అసలు ఈ కుప్పలో వెయ్యకండి, కట్టెలుగా పక్కన పడేయండి.

ఎంత ముక్కలు చెయ్యాలి? అరంగుళం నుంచి అంగుళంన్నర దాకా చాలు. పొడి పొడి చేసేస్తే ఇంకా త్వరగా అవుతుందని నేనూ అనుకున్నాను, ఒకసారి మూవర్ నాలుగుసార్లు తిప్పి కాఫీపొడిలాగా చేసేశాను, తడపగానే మొత్తం ముద్దయిపోయి గాలాడక కోడిగుడ్డు కుళ్ళిన కంపు. అరటి, తోటకూర, గడ్డి లాంటి మెత్తటివి ఇంకా పెద్ద ముక్కలున్నా పర్లేదు, గట్టి ఆకులకే ఈ అవస్థ.

ఇక తూకం. ఎండుటాకులో కార్బన్ ఎక్కువ నైట్రోజన్ తక్కువ, కుళ్ళబెట్టే జీవులకి రెండూ కావాలి, 1 వంతు నైట్రోజన్‌కి 25, 30 వంతుల కార్బన్ ఉంటే కుప్ప పరుగెడుతుంది. రాలిన ఆకుల్లో అది 50, 60 దాకా ఉంటుంది, అందుకే ఉత్తి ఆకులు ఎంత తడిపినా వేడెక్కవు. తేలిక లెక్క ఏంటంటే నలగ్గొట్టిన ఎండు ఎన్ని సంచులో పచ్చిది కూడా అన్ని సంచులు, బరువు కాదు, సంచుల లెక్క. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ వాళ్ళ రాపిడ్ కంపోస్ట్ పద్ధతిలో కూడా ఇదే కొలత, ఎండు సగం పచ్చి సగం.

పచ్చిది అంటే ఏది? కోసిన గడ్డి, కలుపు మొక్కలు, మునగ రెమ్మలు, గిరిపుష్పం (గ్లైరిసిడియా), పచ్చి కానుగ, వంటింటి తొక్కలు, కాఫీ టీ పిప్పి, దేవుడి పూలు. కానుగ, గిరిపుష్పం అయితే బంగారం, ఊళ్ళో మా అత్తయ్యగారి వాళ్ళు పచ్చిరొట్ట అని వరి చేలో తొక్కించేది ఇవే కదా, ఊరికే తొక్కించరు. ఒక ఇంటి తొక్కలు ఈ కుప్పకి సరిపోవు, నేనైతే రైతు బజార్లో ఆదివారం మధ్యాహ్నం కొట్లు సర్దేవేళ వెళ్తాను, కాలీఫ్లవర్ ఆకులు, ముల్లంగి ఆకులు, వాడిపోయిన తోటకూర కట్టలు రెండు మూడు సంచులు ఊరికే ఇచ్చేస్తారు, పైగా పట్టుకెళ్ళమ్మా మాకు ఊడ్చే పని తప్పుద్ది అంటారు.

పేడ గురించి ఒక మాట. అందరూ పేడ వేస్తే చాలు అనుకుంటారు. పేడలో నీళ్ళే ఎక్కువ, నైట్రోజన్ మనం అనుకున్నంత ఉండదు, పేడ ఎండుటాకుల్లోకి సూక్ష్మజీవుల్ని తెచ్చే తోడు లాంటిది. పాలకి తోడు ఎంత వేస్తామో అంతే, చెంబు పాలకి చెంబు పెరుగు వెయ్యం కదా. పచ్చిది అస్సలు దొరక్కపోతే అప్పుడు నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కో కోళ్ళ ఎరువో వెయ్యాలి. ఎంత అంటే ఇలా లెక్కేశాం, 10 కేజీల ఎండుటాకులో కార్బన్ దాదాపు నాలుగున్నర కేజీలు, నైట్రోజన్ 80 గ్రాములు అటూ ఇటుగా, 30 కి 1 రావాలంటే 150 గ్రాములు కావాలి, అంటే 70 గ్రాములు తక్కువ. చెక్కలో నైట్రోజన్ 7 శాతం దాకా ఉంటుంది కాబట్టి 1 కేజీ పైచిలుకు నానబెట్టి పోస్తే సరి. అదే యూరియా అయితే 46 శాతం, 150 గ్రాములు చాలు. యూరియా అనగానే కొంతమంది మొహం మాడ్చుకుంటారు, మిద్దె తోట వాళ్ళయితే మరీనూ, ఎవరిష్టం వాళ్ళది, నేను వాడను గానీ వాడితే ఆకులు కుళ్తాయన్నది మాత్రం నిజం.

ఇప్పుడు కుప్ప వేద్దాం. నీడ ఉన్న చోటు, నేల మీదే, సిమెంటు గచ్చు మీద వద్దు. చెట్టు మొదలుకి 3 అడుగులు దూరం ఉండాలి, లోపల వేడి వేర్లని కాలుస్తుంది. పక్కింటి ప్రహరీకి ఆనించి వెయ్యకండి, గోడకి చెమ్మ పడితే మాటలు పడాలి. నేను 11 అడుగుల ఇనుప మెష్ ముక్క తెచ్చి గుండ్రంగా చుట్టి తీగతో కొక్కేలు పెట్టుకున్నాను, మూడున్నర అడుగుల వెడల్పు గూడు అవుతుంది, దీని సుఖం ఏంటో తిరగేసేటప్పుడు తెలుస్తుంది. 3 అడుగులకి తక్కువ వెడల్పు, ఎత్తు ఉంటే లోపల వేడి నిలవదు, చిన్న కుప్ప పొద్దున్న వేడెక్కి రాత్రికి చల్లారిపోతుంది. ఈ గూడు నిండడానికి మాకు 18 సిమెంటు సంచుల రాలిన ఆకులు పడతాయి, కంగారు పడకండి, నలగ్గొడితే అవి 6 సంచులు అవుతాయి, ఇంకో 6 సంచుల పచ్చిది, రెండు బకెట్ల పేడ, ఒక తట్ట పాత ఎరువు.

ముందు రోజు రాత్రే ఎండు ముక్కల్ని నానబెట్టండి. ఇది చాలామంది వదిలేస్తారు, నేనూ మొదట్లో వదిలేశాను. కుప్ప వేశాక పైనుంచి పైపుతో పోస్తే నీళ్ళు ఆకుల మధ్యలోంచి దారి చేసుకుని కింద మట్టిలోకి పోతాయి, లోపల చెయ్యి పెడితే ఎండిపోయే ఉంటుంది. డ్రమ్ములో ముక్కలు వేసి పేడనీళ్ళు కలిపి పోసి పైన రాయి పెట్టి తెల్లారేదాకా ఉంచితే మైనం పొర మెత్తబడి నీళ్ళు పీలుస్తుంది, పొద్దున్న తీసి గంపల్లో వేసి కాసేపు వాడ్చండి, కారిన నీళ్ళు కూడా పారబొయ్యొద్దు, మళ్ళీ వాడుకోవచ్చు.

అడుగున ఒక జానెడు ఎత్తు సన్న పుల్లలు, గాలికి. దాని మీద ఎండు 4 అంగుళాలు, పచ్చి 4 అంగుళాలు, పాత ఎరువు ఒక గుప్పెడు, ఇలా పొరలు. పొరలు అందంగా రావాల్సిన పని లేదు, నాలుగు రోజుల్లో ఎట్లాగూ కలిపేస్తాం, కొలత తప్పకుండా ఉండడానికే ఈ పొరలు. ప్రతి రెండు పొరలకీ ఒకసారి తడి చూడండి, గుప్పెడు తీసి సున్నుండ చుట్టినట్టు గట్టిగా నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లో తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలు పడినా పర్లేదు, ధార కారిందంటే నీళ్ళు ఎక్కువైనట్టు. పైన ఎండు ముక్కలు కప్పి గోనె పట్టా తడిపి వేసెయ్యండి, తొక్కలు బయటికి కనపడితే ఈగలు, కాకులు, రాత్రికి పందికొక్కులు.

మూడో రోజుకి వేడి మొదలవ్వాలి. థర్మామీటర్ లేకపోతే ఏం కాదు, సెంట్రింగ్ ఊచ ముక్క ఒకటి కుప్ప నడిమిదాకా గుచ్చి ఉంచి పావుగంట తర్వాత లాగి పట్టుకోండి, అప్పుడే పోసిన కాఫీ ఉన్న స్టీలు గ్లాసు కొంగు లేకుండా పట్టుకున్నట్టు చురుక్కుమనాలి, పట్టుకుని ఉండలేకపోతే బాగా ఉన్నట్టు. 55 నుంచి 65 డిగ్రీలు మనకి కావాల్సింది, ఆ వేడిలో కలుపు గింజలు, చాలా తెగుళ్ళు చస్తాయి. 70 దాటితే మనకి కావాల్సిన జీవులే చస్తాయి, అప్పుడు తిరగేసి కొంచెం నీళ్ళు చల్లాలి. మొదటిసారి మా కుప్ప వేడెక్కినప్పుడు జనవరి చలిలో పొద్దున్నే పట్టా ఎత్తితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది, వీధిలో పాలబ్బాయి ఏదో అంటుకుంది అనుకుని గేటు కొట్టాడు.

తిరగెయ్యడం. బద్ధకం వచ్చేది ఇక్కడే, 40 రోజులా ఏడాదా అన్నది తేలేదీ ఇక్కడే. నాలుగో రోజు మొదటిసారి, ఆ తర్వాత రెండు రోజులకోసారి, రెండు వారాలు. మెష్ కొక్కేలు విప్పి తీసి పక్కన మళ్ళీ గూడు కట్టండి, కుప్ప బయటి అంచుల్లో ఉన్నది ముందు లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా ఫోర్క్‌తో ఎత్తి వెయ్యండి, అరగంట పని, నడుము పట్టేవాళ్ళు రెండు విడతలుగా చెయ్యండి. తిరగేసినప్పుడల్లా తడి చూడాలి, మన ఎండల్లో కచ్చితంగా ఒకటి రెండు బకెట్లు తాగుతుంది. లోపల బూడిద రంగు తెల్లటి దారాల్లాంటివి కనపడితే చెదలు అనుకుని భయపడకండి, వేడిలో పెరిగే ఒక రకం బాక్టీరియా అవి, కానీ అక్కడంతా పొడిగా బూడిదలా రాలుతుంటే మాత్రం ఎండిపోయిందని అర్థం, నీళ్ళు పొయ్యండి.

బర్కిలీ పద్ధతిలో రెండు మూడు వారాల్లో అయిపోతుందంటారు. అవుతుంది, గడ్డి, కూరాకులు, కానుగ లాంటి మెత్తటి సరుకైతే మాకూ 20 రోజుల్లో నల్లబడింది. మామిడి, బాదం ఎక్కువుంటే 35 నుంచి 40 రోజులు, నేను టైటిల్లో 40 అని పెట్టింది అందుకే. తిరగెయ్యలేను బాబూ అంటే దానికీ దారి ఉంది, 1920ల్లో ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇండోర్లో ఉండి తయారుచేసిన పద్ధతిలో మొత్తం మీద మూడుసార్లే తిరగేస్తారు, 3 నెలలు పడుతుంది, అసలు తిరగెయ్యని బెంగళూరు పద్ధతి అయితే 6 నుంచి 8 నెలలు. అన్నిట్లో సరుకు అదే, గాలి ఎంత అందిందీ అన్నదే తేడా.

పొడుల సంగతి చెప్తానన్నాను కదా, అలాంటిదే వేస్ట్ డీకంపోజర్ అని కుళ్ళబెట్టే జీవులున్న మందు ఒకటుంది. ఘాజియాబాద్‌లోని ప్రభుత్వ సేంద్రియ వ్యవసాయ కేంద్రం వాళ్ళు తెచ్చిన బాటిల్ అది, 200 లీటర్ల నీళ్ళలో 2 కేజీల బెల్లం, ఆ బాటిల్లోది వేసి కలిపి రోజూ కర్రతో తిప్పుతూ ఉంటే వారంలోపు తయారవుతుంది. మన దగ్గర ఇంట్లో మొక్కలు పెంచేవాళ్ళు చాలామంది వాడతారు, నేనూ ఆకులు నానబెట్టే నీళ్ళలో మామూలు నీళ్ళకి బదులు అదే పోస్తాను. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టేది) ఉంటే అదీ పనికొస్తుంది, పుల్ల మజ్జిగ కూడా. కానీ ఏదైనా నలగ్గొట్టిన దానికి తోడు, నలగ్గొట్టకుండా తప్పించుకునే మార్గం కాదు. నేను ఒకేరోజు రెండు కుప్పలు వేసి చూశాను, నిండు ఆకుల మీద ద్రావణం చల్లింది ఒకటి, ముక్కలు చేసి ఏమీ చల్లనిది ఒకటి, పచ్చిది రెంటిలోనూ సమానమే, నెల తిరిగేసరికి ముక్కల కుప్ప సగానికి దిగిపోయింది, నిండు ఆకులది ఇంకా నా నడుం దాకా ఉంది.

తేడా వస్తే ముక్కుని నమ్ముకోండి. ఘాటుగా కళ్ళు మండే వాసన అంటే అమ్మోనియా, పచ్చిది ఎక్కువైంది, ఎండు ముక్కలు కలిపి తిరగెయ్యండి. కుళ్ళిన గుడ్డు వాసన అంటే నీళ్ళెక్కువై గాలాడట్లేదు, విప్పేసి ఒక పూట ఆరనిచ్చి మళ్ళీ వెయ్యండి. వాసనా లేదు వేడీ లేదు అంటే ఎండిపోయిందో, పచ్చిది తక్కువైందో, కుప్ప చిన్నదో, ఈ మూడిట్లో ఒకటి, ముందు నీళ్ళు పోసి చూడండి, పదికి ఏడుసార్లు మాకు అదే. చీమలు పుట్ట పెట్టాయంటే కూడా ఎండిందనే. వానాకాలంలో టార్పాలిన్ తప్పదు, కానీ కుప్పకి అంటించి కప్పకుండా నాలుగు కర్రల మీద పందిరిలా వెయ్యండి, లేకపోతే ఊపిరాడదు.

పురుగుల్లో రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. చదునుగా, గోధుమరంగులో గుంపులుగా కదిలేవి తొక్కలు తినే ఈగ పిల్లలు, వాటి పని వాటిని చేసుకోనివ్వండి. తెల్లగా బొటనవేలంత లావు, తల ఎర్రగా, ముడుచుకుని పడుకున్నవి అయితే ఏరెయ్యండి, అందులో కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగు పిల్లలుంటాయి, పెంటకుప్పల్లోనే గుడ్లు పెడుతుంది అది. కోనసీమ వైపు కొబ్బరితోట పక్కన ఎరువు గుంత ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు. మేం ఏరి ఎదురింటి వాళ్ళ కోళ్ళకి వేస్తాం, డబ్బా చప్పుడు వింటేనే పరుగెత్తుకొస్తాయి. ఇంకోటి, చెయ్యి పెట్టేముందు కర్రతో కుప్పని నాలుగు దెబ్బలు కొట్టడం అలవాటు చేసుకోండి, వెచ్చగా ఉంటుందని జెర్రులు, తేళ్ళు చేరతాయి, అప్పుడప్పుడు పాము కూడా.

వెయ్యకూడనివి: తుంగ గడ్డి గడ్డలతో సహా వెయ్యొద్దు, గడ్డ లోపల బతికే ఉండి ఎరువుతో పాటు ప్రతి కుండీకీ వెళ్తుంది, ఎండలో గచ్చు మీద పది రోజులు మాడ్చాక అయితే సరే. వయ్యారిభామ పూత రాకముందైతే వెయ్యొచ్చు, పూత వచ్చాక వద్దు, పీకేటప్పుడు కూడా చేతికి తొడుగు ఉండాలి, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి కొందరికి. గులాబీ, బోగన్‌విల్లా ముళ్ళకొమ్మలు, కొబ్బరి మట్టలు, డొక్కలు, నూనె కూరలు, ఎముకలు, ఇవేవీ వద్దు. దేవుడి పూలదండలు వేసేటప్పుడు దారం తీసెయ్యండి, ఒకసారి తియ్యకపోతే నైలాన్ దారం ఫోర్క్ పళ్ళకి చుట్టుకుని బ్లేడుతో కోసుకోవాల్సొచ్చింది. వేపాకు వేస్తే సూక్ష్మజీవులు చచ్చిపోతాయని చాలామంది అడుగుతారు, నాలుగోవంతు దాకా కలిపితే మాకేం కాలేదు, నీలగిరి ఆకు మాత్రం ఆలస్యం చేస్తుంది, దాన్ని విడిగా కప్పుగా వాడుకోవడమే నయం.

అపార్ట్‌మెంట్లో, మిద్దె మీద చేసేవాళ్ళు ఇంత కుప్ప వెయ్యలేరు కాబట్టి పక్కలకీ అడుగునా కన్నాలు పెట్టిన 200 లీటర్ల డ్రమ్ములో ఇదే కొలతతో చెయ్యండి, వేడి అంతగా రాదు, 60, 70 రోజులు అవుతుంది, కలుపు గింజలు చావవు కాబట్టి గింజ ఉన్న మొక్కలు వెయ్యొద్దు. మూడు రోజులకోసారి కర్రతో కుళ్ళగించండి.

వేడి తగ్గిపోయి తిరగేసినా మళ్ళీ ఎక్కకపోతే, సరుకు నల్లగా పొడిపొడిగా ఉంటే అయిపోవచ్చినట్టే, కానీ వెంటనే మొక్కలకి వెయ్యకండి, ఇంకో రెండు మూడు వారాలు నీడలో కదపకుండా వదిలెయ్యండి, ఈ 40 రోజుల్లో అది కలపలేదు నేను, ముందే చెప్తున్నా. అయ్యిందో లేదో తెలియాలంటే గుప్పెడు తడిపి గాలి చొరబడని జిప్ కవర్లో మూడు రోజులు పెట్టి తెరవండి, మట్టి వాసన వస్తే అయ్యింది, పుల్లగా కంపు కొడితే ఇంకా ఉంది. నేనైతే పెరుగు కప్పులో ఎరువు పోసి పాతిక మెంతులు చల్లుతాను, నాలుగు రోజుల్లో ఇరవై పైన మొలిచి పచ్చగా ఉంటే వాడేస్తాను, మొలవకపోయినా పసుపురంగు వచ్చి వాలిపోయినా ఇంకో వారం ఆగుతాను.

కుండీలకి మట్టిలో మూడోవంతు మించి కలపొద్దు. పెద్ద మామిడికి మొదలుకి దూరంగా, కొమ్మల చివర నీడ పడే చోట గుండ్రంగా రెండు తట్టలు. మా 18 సంచుల ఆకులకి జల్లించాక సుమారు 4 సంచుల ఎరువు వస్తుంది. జల్లెడలో మిగిలిన ముక్కలు, ఈనెలు, సగం కుళ్ళిన పుల్లలు పారెయ్యకండి, వాటి నిండా పనిచేసే జీవులే, పక్కన ఒక సంచిలో కొంచెం తడిగా ఉంచుకుంటే వచ్చే కుప్పకి పాత ఎరువు గుప్పెడు అన్నాను చూశారా, ఆ చోట ఇవే వేసుకోవచ్చు, మా రెండో కుప్ప ఇవి వేశాక రెండో రోజే వేడెక్కింది.